ఆకు ఎడమ చెంప

మా అత్తయ్య మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే నా నాన్‌స్టిక్ పెనానికి పట్టిన నల్లటి మసినంతా వదలగొట్టింది. స్టీలు పీచు, సబ్బు పొడి పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుని తోమింది. సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి పెనం గోడకు ఆనించి ఉంది. అందులో నా ముఖం కనబడుతోంది.

"ఇన్నాళ్లూ ఇందులోనే వండుకు తింటున్నారా అమ్మాయ్?" అని జాలిగా అడిగింది. "ఎంత మందంగా పట్టిందో మసి! నా గోళ్లు అరిగిపోయాయి."

అది మసి కాదు, పూత అని చెప్పడానికి నోరు తెరిచి, ఆవిడ గోళ్లు చూసి మూసుకున్నాను. మర్నాడు పొద్దున గుడ్డు వేస్తే అది పెనాన్ని కరుచుకుని ఇక వదల్లేదు. గరిటె వంగింది గానీ గుడ్డు రాలేదు. మా ఆయన పెనం వైపు చూసి, వాళ్లమ్మ వైపు చూసి, నా వైపు చూసి, "ఇవాళ నాకు ఆకలిగా లేదు" అని వెళ్లిపోయాడు. ఆయనంతే. అడకత్తెరలో పోకచెక్కలా మా ఇద్దరి మధ్య ఇరుక్కున్నప్పుడల్లా ఆయనకు ఆకలి చచ్చిపోతుంది. అత్తయ్య వచ్చాక బాగా సన్నబడ్డాడు కూడా.

ఆవిడ మనసులో ఏ చెడూ లేదు. చేతులు ఖాళీగా ఉండటమే ఆవిడ జబ్బు. ఏళ్ల తరబడి బ్యూటీ పార్లర్ నడిపింది. ఆ బిల్డింగును కూల్చి కొత్తది కట్టాలని యజమాని అందరినీ ఖాళీ చేయించాడు. అద్దాలు, కుర్చీలు ఎవరికో ఇచ్చేసి, ఒక సూట్‌కేసు, ఒక మేకప్ పెట్టెతో మా ఇంటికి వచ్చింది. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ల ముఖాలకు వైద్యం చెబుతుంది. "ఈవిడకి ఎండ పడదు." "ఆ పెద్దమనిషి సబ్బు మార్చాలి." వాళ్లకి వినబడదు కాబట్టి గొడవలు లేవు.

ఆవిడ పనికి ఒక పద్ధతి ఉంది. ఎవరి ముఖమైనా సరే, ముందు ఎడమ సగమే చేస్తుంది. గుండె ఉన్న వైపు ముందు చేయాలన్నది ఆవిడ శాస్త్రం. ఆ సగం అయ్యాక చేతికి అద్దమిచ్చి, "చెప్పండి, తేడా తెలుస్తోందా?" అని అడుగుతుంది. వచ్చినవాళ్లు చెంప తర్వాత చెంప తిప్పి చూసుకుని, తెలుస్తోంది అన్నాకే రెండో సగం ముట్టుకుంటుంది. తెలియడం లేదంటే లేచి వెళ్లిపోవచ్చు. అలా లేచి వెళ్లిన మనిషి లేదని ఆవిడ గర్వం. ఒక ఆదివారం ఈ వైద్యం మా ఆయనకు జరిగింది. సగంలో ఉండగా ఫోను వచ్చింది, ఎక్కడో మిషను ఆగిపోయిందట, ఉన్నవాడు ఉన్నట్టు పరిగెత్తాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఆయనకు ఒక చెంప పెళ్లికొడుకుది, రెండో చెంప పెళ్లికొడుకు తండ్రిది. "అద్దమైనా చూపించనివ్వలేదు వెధవ!" అని ఆవిడ బాధపడింది. మిగిలిపోయిన సగం గురించి కాదు, అద్దం గురించి.

ఇక నా సంగతి. నేను ఆకులకు వచ్చే జబ్బులు చూస్తాను. పంటలను పట్టే శిలీంధ్రాల మీద పని అని బోర్డు మీద రాసి ఉంటుంది గానీ, మాలో మేం బూజు అనే అంటాం. మనుషుల డాక్టర్లకు రోగి ఎక్కడ నొప్పో చెబుతాడు. నా రోగులు నోరు విప్పరు. అన్నీ ముఖం చూసే తెలుసుకోవాలి. ఆ లెక్కన అత్తయ్యదీ నాదీ ఒకటే వృత్తి అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

బజారులో క్యాబేజీ ఆకును చూసే ఉంటారు. పైన సన్నటి బూడిదరంగు పొడి పట్టినట్టుంటుంది, వేలితో రాస్తే పోతుంది. అది దుమ్మూ కాదు, పురుగుమందూ కాదు. ఆకు తనకు తాను పూసుకున్న మైనం. అది ఉన్నంతకాలం మీద పడ్డ నీళ్లు ముత్యాల్లా దొర్లిపోతాయి. తామరాకు మీద నీటిబొట్టు అని మనం బంధాల గురించి వేదాంతం చెప్పుకుంటాం. ఆకుకు అది వేదాంతం కాదు, బతుకుతెరువు. బూజు విత్తులు వచ్చేది నీటిబొట్టుతోనే. బొట్టు జారిపోతే అవీ జారిపోతాయి. బొట్టు నిలిచిందా, విత్తు తాపీగా మొలకెత్తి, సన్నటి తీగ చాచి, ఆకు చర్మంలోకి దిగిపోతుంది. ఆ తర్వాత ఆకు ముఖం మారిపోతుంది. ముందొక గోధుమరంగు చుక్క, దాని చుట్టూ ఒక వలయం, దాని చుట్టూ ఇంకొకటి, అంచున పసుపు. నడుమ నల్లటి మసి లేస్తుంది, అది కొత్త విత్తుల పంట. చివరికి ఆ చోటు చిత్తుకాగితంలా ఎండి, చిరిగి, చిల్లు పడుతుంది. దీన్ని మేం మచ్చ తెగులు అంటాం.

నేను ఎన్నో ఏళ్లుగా ఒక క్యాబేజీ రకాన్ని పెంచుకొస్తున్నాను. మామూలు రకం కన్నా దాని ఆకు మీద మైనం మందం. అంత మైనం ఉంటే మచ్చ తెగులు దాని జోలికి రాదని నా నమ్మకం. నమ్మకం అనే మాట నాది. మా పైఅధికారి దాన్ని "మేడమ్ గారి సరదా" అంటాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు జల్లెడ. ఏం చెప్పినా జల్లించి, పొట్టు మాత్రం మన చేతిలో పెడతాడు.

ఆ జల్లెడ ఈసారి తేల్చి చెప్పేశాడు. మొక్కలు పెంచే మా గాజింట్లో నా మొక్కలున్న బల్ల టమాటాల మీద పని చేసేవాళ్లకు కావాలి. నా మొక్కల మీద, పక్కన మామూలు రకం మీద ఒకే రోజు బూజు విత్తులు కలిపిన నీళ్లు చల్లాలి. నావి శుభ్రంగా ఉంటే బల్ల నాది. మచ్చలు వస్తే మొక్కలు ఎరువు గుంటకు, బల్ల టమాటాలకు. క్యాబేజీ విత్తనం కట్టేది రెండో ఏడు. నా దగ్గరున్న పాత గింజలు మొలకెత్తడం మానేశాయి. ఈ మొక్కలు పోతే ఆ రకమే పోతుంది, మళ్లీ మొదలుపెట్టడానికి గింజ కూడా మిగలదు. అందుకే ఆ రోజుల్లో నాకు గుడ్డు అంటుకున్నా ఏడుపొచ్చేది, అంటుకోకపోయినా ఏడుపొచ్చేది.

అత్తయ్య మా గాజింటికి రావడానికి కారణం గోళ్లరంగు. ఆకు చర్మాన్ని దగ్గరగా చూడాలంటే మా దగ్గర ఒక చిట్కా ఉంది. రంగులేని గోళ్లరంగు పల్చగా పూసి, ఆరాక టేపు అంటించి లేపితే, ఆకు ముద్ర అచ్చంగా ఊడి వస్తుంది. దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తాం. నేను అత్తయ్య మేకప్ పెట్టెలోంచి సీసాలు పట్టుకుపోతున్నాను. ఒక రోజు పట్టుబడ్డాను.

"సీసాలు ఖాళీ అవుతున్నాయి. నీ గోళ్ల మీద మాత్రం ఎప్పుడూ చూళ్లేదు. ఏంటి కథ?"

"ఆకులకు వేస్తున్నానత్తయ్యా."

ఆవిడ నన్ను కాసేపు పరీక్షగా చూసింది. నాకు మతి పోయిందేమోనని చూసిందనుకున్నాను. కాదు. "సరిగ్గా వేస్తున్నావా?" అని అడిగింది. "బుడగలు రాకుండా?"

అలా మర్నాడు నాతో బయల్దేరింది. మా గాజింట్లో ఎప్పుడూ ఉక్కపోత. పైపులోంచి సన్నగా ఆవిరి వస్తుంటుంది, తలుపు దగ్గర మందునీళ్ల పళ్లెంలో చెప్పులు తడిపి లోపలికి రావాలి. అత్తయ్య ఆ పళ్లెం చూసి, "ఇదేదో పద్ధతిగల చోటు" అని మెచ్చుకుంది. మందు చల్లే పంపు భుజాన వేసుకుని తిరిగే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అందరికీ ఆయన పంపు బాబాయ్. ఆయన్ని పరిచయం చేశాను. అంతలో నాకు మీటింగుకు పిలుపొచ్చింది.

"ఇక్కడ అంతా బూజు మీద పనత్తయ్యా. ఇవి నా మొక్కలు, నా బిడ్డల్లాంటివి. వచ్చేదాకా వీటికి కబుర్లు చెబుతూ ఉండండి" అని నవ్వుతూ చెప్పి పరిగెత్తాను. ఆ మాటల్లో తప్పెక్కడుందో మీరు ఇప్పటికే పట్టేసి ఉంటారు.

మీటింగు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బాబాయ్ రెండు రకాల మీదా విత్తుల నీళ్లు చల్లి, తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లు కప్పేశాడు. జబ్బు పైకి వచ్చేదాకా ఆ కవర్లు తీయకూడదు. అత్తయ్య కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మా ఇంటికి వచ్చాక ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"ఆ కవర్లు ఎప్పుడు తీస్తారమ్మాయ్?" అని దారిలో అడిగింది.

"వచ్చే వారం."

"తీసినప్పుడు బాగా చూడు. దగ్గరగా చూడు."

అప్పట్నుంచి రోజూ నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే "కవర్లు తీశారా?" అని అడిగేది. ఆవిడకు సైన్సు మీద ఆసక్తి పుట్టిందని మురిసిపోయాను. మా ఆయనతో గొప్పగా చెప్పాను కూడా. ఆ వారం ఆయనకు ఆకలి కాస్త తిరిగొచ్చింది.

జల్లెడ మర్నాడు పొద్దున వస్తాడనగా మధ్యాహ్నం కవరు అంచు ఎత్తి చూశాను. నా మొక్కల నిండా మచ్చలు. వలయం లోపల వలయం, అంచున పసుపు, అచ్చు పుస్తకంలో బొమ్మ వేసినట్టు. ఒక మొక్క కాదు, ఒక ఆకు కాదు. ఎక్కడ చూపు పడితే అక్కడ మచ్చ. ఇంకా చూడబుద్ధి కాక కవరు వదిలేశాను.

"ఎలా వచ్చాయి బాబాయ్? ఈ మైనం మీద బొట్టే నిలవదు కదా!"

బాబాయ్ తల గోక్కున్నాడు. "ఆ రోజు మీ అత్తగారు తుడిచారు కదమ్మా, దానివల్లేమో."

"ఏం తుడిచారు?"

"ఆకులమ్మా. బ్యాగులోంచి దూది తీసి, నీళ్లలో ముంచి పిండి, ఒక్కో ఆకునీ చంటిపిల్ల మూతి తుడిచినట్టు తుడిచారు. అంత శ్రద్ధగా తుడుస్తుంటే ప్రయోగంలో అదో భాగం అనుకున్నాను. మీరు చెప్పే వెళ్లుంటారనుకున్నాను."

నేను ఇంకేమీ వినలేదు. కోపానికి కళ్లుండవంటారు, నాకు ఆ పూట చెవులు కూడా లేవు. ఇంటికి ఎలా వెళ్లానో తెలియదు. అత్తయ్య వంటింట్లో గ్లాసులు తుడుస్తోంది. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"కవర్లు తీశారా?"

"ఎత్తి చూశాను. ఆకులు తుడిచారటగా?"

"మరి! ఎంత బూజు పట్టిందో, పాపం, తెల్లగా. నీ బిడ్డలన్నావు కదా, అలా చూస్తూ ఎలా కూర్చోను? చూశావా మరి, నీకు..."

"అది బూజు కాదత్తయ్యా! మైనం! దాని ప్రాణమే అది! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పెనం గీకినట్టు నా బతుకంతా గీకిపారేశారు!"

"అది కాదమ్మా, నేను చెప్పేది..."

"ఏం చెప్పకండి. రేపు పొద్దున పీకేస్తారు వాటిని. మీరు చెయ్యి పెట్టింది ఏదీ మిగలదు!"

కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే లేవలేం. ఆ మాట నా నోట్లోంచి బయటపడగానే ఆవిడ పార్లర్ గుర్తొచ్చింది. ఆవిడకూ అదే గుర్తొచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. చేతిలోని గ్లాసును జాగ్రత్తగా బోర్లించి, చేతులు తుడుచుకుని, తన గదిలోకి వెళ్లింది. కాసేపటికి సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు వినబడింది. మా ఆయన వచ్చి, ఆ గది తలుపు వైపు చూసి, నా వైపు చూశాడు. ఆయనకు ఆకలి లేదని అడక్కుండానే అర్థమైంది.

మర్నాడు పొద్దున జల్లెడ చెప్పిన వేళకు ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వచ్చాడు. కవర్లు తీయించాడు. నా మొక్కలు చూశాడు, పక్కన మామూలు రకాన్ని చూశాడు.

"వీటికీ మచ్చలే, వాటికీ మచ్చలే" అన్నాడు, అంత సంతోషంగానూ కాదు. "బాబాయ్, బస్తా తీసుకురండి."

ఏమని వాదించను? మా అత్తగారు మైనం తుడిచేశారని చెబితే, తుడవకపోయినా మచ్చలు వచ్చేవే అంటాడు. రావని చూపించడానికి నా దగ్గర తుడవని మొక్క ఒక్కటీ లేదు. బాబాయ్ బస్తా తెచ్చేలోగా జ్ఞాపకానికి ఒక ముద్ర తీసుకుందామని ఒక పెద్ద ఆకు తుంచాను. ముద్రకు ముందు ఆకును కడగడం నా అలవాటు. కుళాయి కింద పట్టాను.

నీళ్లు ఆకు ఒక పక్కన చాపలా పరుచుకున్నాయి. రెండో పక్కన ముత్యాల్లా దొర్లి కింద పడ్డాయి.

మళ్లీ పట్టాను. మళ్లీ అంతే. ఆకును వెలుగుకు ఎత్తి చూశాను. మచ్చలన్నీ నాకు కుడిచేతి వైపే ఉన్నాయి. మధ్య ఈనె దగ్గరకు వచ్చి, సరిహద్దు గోడ కట్టినట్టు ఆగిపోయాయి. ఈనెకు ఇవతల సగం బూడిదరంగు మైనంతో, మచ్చన్నది లేకుండా, ఇప్పుడే నిద్రలేచిన పసిపిల్ల చెంపలా ఉంది. ఇంకో ఆకు తిప్పాను. కుడి సగం మచ్చలు, ఎడమ సగం శుభ్రం. ఇంకో మొక్క. ఇంకో ఆకు. అంతా అంతే. అప్పుడు నా బుర్రలో మా ఆయన రెండు చెంపలూ కనబడ్డాయి.

"సార్, బస్తా ఆపండి!" అని అరిచాను.

జల్లెడ వచ్చాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి ఒక ఆకు చూశాడు, దించి ఒక ఆకు చూశాడు. పక్కనున్న మామూలు రకంలో రెండు సగాలూ సమానంగా మచ్చలు పడ్డాయి. నా మొక్కల్లో మాత్రం సగమే. బల్ల చివరిదాకా వంగి వంగి నడిచాడు.

"ఇదేంటమ్మా, వీటికి పక్షవాతమా?"

చెప్పాను. అత్తయ్య, పార్లరు, సగం ముఖం, అద్దం, అన్నీ చెప్పాను. బాబాయ్ "నేను చూశాను, నేను సాక్షి" అని మధ్యమధ్య అందుకున్నాడు. ఒకే ఆకు, ఒకే నీళ్లు, ఒకే కవరు. మైనం తీసిన సగానికి జబ్బు, ఉంచిన సగానికి ఆరోగ్యం. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? కానీ జల్లెడను జల్లెడ అని ఊరికే అనలేదు.

"దూదితో రుద్దితే ఆకు గీరుకుపోదూ? గీరిన చోట బూజు దూరుతుంది. ఇది మైనం మహిమ కాదు, గీతల మహిమ అని నేనంటాను. కాదని చూపించండి."

చెప్పొద్దూ, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. గోళ్లరంగుతో ముద్ర తీస్తే గీతలున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. మచ్చ లేని చోట, తుడిచిన సగం మీద పూసి, ఆరాక లేపి మైక్రోస్కోప్ కింద పెట్టాను. మైనం పలుకులు పోయాయి గానీ ఆకు చర్మం మీద ఒక్క గీత లేదు. రాళ్లు పేర్చిన నేలలా ఏ గడి చెదరకుండా ఉంది. అదే నేను ఇంకో ఆకులో శుభ్రంగా ఉన్న సగాన్ని దూది తడిపి తుడిచి ముద్ర తీస్తే, పిల్లి గోళ్లతో పీకిన పరుపులా ఉంది.

"మీరు తుడిస్తే గీతలు, ఆవిడ తుడిస్తే లేవు" అన్నాడు జల్లెడ. "ఆ చేతులు ఎవరివో, ఎలా తుడిచాయో నా కళ్లతో చూస్తేనే నమ్ముతాను. పిలిపించండి. మధ్యాహ్నం దాకా ఉంటాను."

ఏ చేతులనైతే నిన్న నానా మాటలన్నానో, ఇప్పుడు ఆ చేతులే కావాలి.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య ముందుగదిలో సూట్‌కేసు మీదే కూర్చుని ఉంది. మా ఆయన ఆటో పిలవడానికి వెళ్లాడట. వెళ్లి చాలాసేపైందట. ఆ వీధిలో ఆటోలకు ఎప్పుడూ కొదవ లేదు, ఆయన ఎందుకు ఆలస్యం చేస్తున్నాడో నాకు తెలుసు. ఆ క్షణంలో ఆయన మీద ప్రేమ పొంగింది.

"అత్తయ్యా, ఒకసారి నాతో రావాలి. మీరు సగమే తుడిచారు కదూ?"

ఆవిడ ముఖం తిప్పుకుంది. "సగం కాక? ముందు నీకు చూపించి, నువ్వు బాగుందంటే కదా రెండోది. ఆ పెద్దాయన గబగబా కవర్లు కప్పేశాడు. వారం నుంచి ఎదురుచూస్తున్నాను, నువ్వు చూసి ఏమంటావో అని." సూట్‌కేసు పట్టీ సవరించుకుంది. "అన్నావుగా."

నేను నేల మీద ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పయింది. మీ షాపు మీ చేతుల వల్ల పోలేదు. ఆ మాట నాకు తెలుసు. తెలిసే నొప్పి పుట్టేలా అన్నాను."

"ఇప్పుడు పిలిచేది పని పడిందనా, నా కోసమా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ముఖాలు చదవడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. "బయల్దేరింది పని కోసమే అత్తయ్యా. ఈ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మీ కోసం అయింది."

ఆవిడ నా గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పి చూసింది. "రాత్రి నిద్రపోలేదు నువ్వు. కళ్ల కింద చూడు ఎలా ఉందో." లేచి, సూట్‌కేసు అక్కడే వదిలేసి, హ్యాండ్‌బ్యాగులో దూది ఉందో లేదో చూసుకుంది. "పద."

గాజింట్లో జల్లెడ ఆవిడకు కుర్చీ వేశాడు. ఆయన ఎవరికైనా కుర్చీ వేయడం మేమెవరం చూడలేదు. అత్తయ్య కూర్చోలేదు. ముందు ఆయన ముఖం చూసి, "మీరు కళ్లద్దాలు నుదుటి మీదికి తోయడం మానాలి, అక్కడ చర్మం నలుగుతోంది" అంది. ఆయన ఠక్కున కిందికి దించుకున్నాడు.

విత్తుల నీళ్లు చల్లకుండా విడిగా ఉంచిన మామూలు రకం మొక్క ఒకటి ముందు పెట్టాం. ఆవిడ దూదిని తడిపి, పిండి, తన చెంపకు ఆనించి చల్లదనం చూసుకుంది. ఎడమచేతి వేళ్లు ఆకు కింద ఆసరాగా పెట్టి, ఈనె దగ్గర మొదలుపెట్టి అంచు దాకా, ఒక్క వైపుకే, ఒక్కసారే, ఆకుకు తెలియకుండా తుడిచింది. వెనక్కి రుద్దలేదు. ఇంకో కొత్త దూది తీసి మళ్లీ ఈనె దగ్గర మొదలుపెట్టింది. బూడిదరంగు కింద నుంచి పచ్చదనం నిగనిగలాడుతూ బయటికొచ్చింది.

"కుడివైపు నుంచి మొదలుపెడతారన్నమాట" అన్నాడు జల్లెడ.

"మీకు కుడి. దానికి ఎడమ" అంది అత్తయ్య తల తిప్పకుండా. "గుండె ఉన్న వైపు."

క్యాబేజీ ఆకు గుండె ఎక్కడుందో అడుగుతాడనుకున్నాను. అడగలేదు. గోళ్లరంగు కూడా ఆవిడే పూసింది, బుడగ రాకుండా. ఆరాక ముద్ర లేపి మైక్రోస్కోప్ కింద పెట్టాను. జల్లెడ ఒక కన్ను మూసి, చాలాసేపు, అటు జరిపీ ఇటు జరిపీ చూశాడు. మేం ముగ్గురం ఆయన వీపు చూస్తున్నాం.

"గీత లేదు" అన్నాడు చివరికి. తలెత్తి బాబాయ్ వైపు తిరిగాడు. "ఆ బస్తా తీసుకెళ్లి లోపల పడేయండి. టమాటాల వాళ్లకు నేను చెబుతాను." అని నా వైపు చూశాడు. "ఇది మళ్లీ చేయాలి. ఇంకా ఎక్కువ మొక్కల మీద. ఈవిడే తుడవాలి. మీరు దూది ముట్టుకోవద్దు."

నాకు ఏడుపు ఆగలేదు. నా మొక్కలు బతికాయి. మచ్చలు పడ్డ చెంపతోనే ఉంటాయి, గింజ కడతాయి. అత్తయ్య మాత్రం మా ఎవరి వైపూ చూడటం లేదు. పని సగం అయ్యాక అలవాటుగా చెయ్యి పక్కకు చాచి, అద్దం కోసం బల్ల మీద తడుముతోంది. అక్కడ అద్దం లేదు.

నేను పొద్దున తుంచిన పెద్ద ఆకు తెచ్చి, రెండు చేతులతో ఆవిడ ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. ఒక సగం మచ్చలు, ఒక సగం శుభ్రం, నడుమ ఈనె. ఆవిడ చాలాసేపు చూసింది. ఆ మచ్చలున్నది తను తుడిచిన వైపేనని అర్థమై ముఖం వాడింది. తను ముట్టుకోకుండా వదిలిన వైపు చూసి మెల్లగా తేరుకుంది. అప్పుడు ఎన్నో ఏళ్లుగా అందరినీ అడిగిన మాటే, కొంచెం భయంగా, నన్ను అడిగింది.

"చెప్పు. తేడా తెలుస్తోందా?"

"తెలుస్తోందత్తయ్యా" అన్నాను. "బాగా తెలుస్తోంది."

ఆవిడ తృప్తిగా తల ఊపింది. కొత్త దూది తీసి, నీళ్లలో ముంచి, పిండి, బల్ల మీద మొక్క వైపు వంగింది.

"అయితే ఇక రెండో వైపు మొదలుపెడతా."

"వద్దు!" అని జల్లెడ, బాబాయ్, నేను ఒక్క గొంతుతో అరిచాం.

"అబ్బ, మెల్లగా" అంది అత్తయ్య, ఆకును చేత్తో కప్పుతూ. "జడుసుకుంటుంది."